మంచి రోజు కూడా ఆగాలట

కొండకింద కొట్టాల,
పామిడి దగ్గర.
జూన్ మొదటి వారం.

ఓబులేష్ అన్నకు చెల్లెలు చౌడేశ్వరి రాసేది.

ఉత్తరం ఎప్పుడూ "ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెట్టాలని బళ్ళో నేర్పించారు. ఇక్కడ అందరం అంటే నేనొక్కదాన్నే. మీ బావ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో రెండో మనిషి లేదు. ఆ ఒక్కదాని క్షేమం గురించే ఈ ఉత్తరం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. చేసి ఏం లాభం? బండలు కోసే మిషన్ల దగ్గర నీ చెవులు పోగొట్టుకున్నావు. నేను అరిస్తే నీకు తప్ప వీధి మొత్తానికీ వినిపిస్తుంది. పక్కింటి అక్కమ్మ కూతురితో మెసేజి పెట్టించాలంటే నా నడుము సంగతంతా ఆ పిల్లకు చెప్పాలి, అది ముసిముసి నవ్వులు నవ్వుకుంటూ టైపు చేయాలి. వద్దులే తల్లీ అనుకుని కాగితం తీసుకున్నాను.

నాలుగేళ్ళ కిందట శెనక్కాయల మూట ఎత్తబోయి కళ్ళంలో పడ్డాను చూడు, ఆ నొప్పి ఇంకా పోలేదన్నా. పోయిందని నీకు చెప్పాను. అందరికీ అట్లాగే చెబుతున్నాను. ఎన్నాళ్ళని చెబుతాం? మొదట్లో "అయ్యో" అన్నవాళ్ళు ఆరు నెలలకు "ఇంకానా?" అన్నారు, ఏడాదికి మాట మార్చడం మొదలుపెట్టారు. గుత్తి పక్క ఒక ముసలాయన దగ్గరికి పోతే ఇనుప కడ్డీ కాల్చి నడుము మీద వాతలు పెట్టాడు. వాతలు మానాయి, నొప్పి అట్లాగే ఉంది. మోటారు సైకిల్ మీద వచ్చే సూది డాక్టరు ఒకడున్నాడు. వాడు సూది వేస్తే రెండు రోజులు నేనే మహారాణిని. తరువాత మళ్ళీ మొదటికే.

మొన్న అనంతపురం పెద్దాసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరమ్మ స్కానింగు చూసి, "ఎముక బాగా అతుక్కునిందమ్మా, ఇప్పుడు ఆడ దెబ్బేమీ లేదు" అంది. నాకు ఒళ్ళు మండింది.

"అంటే నేను యాక్టింగు చేస్తాండానా తల్లీ?" అని అడిగేశాను.

ఆమె కోప్పడలేదు. "లేదమ్మా, నీ నొప్పి నిజమే. దొంగోడు ఎప్పుడో పోయినాడు, కుక్క మాత్రం ఇంకా మొరుగుతానే ఉండాది. నరాలకు అట్ల అలవాటైపోయింది. పూర్తిగా పోతాదని నేను మాటియ్యలేను. తగ్గించుకోవచ్చు. దాన్ని పెట్టుకోనే బాగా బతకొచ్చు" అంది.

నీ నొప్పి నిజమే అన్న మాట నాలుగేళ్ళలో మొదటిసారి విన్నాను. ఏడుపొచ్చింది. దాని వెనకే, నొప్పి పూర్తిగా పోదు అన్న మాటకు ఆ ఏడుపు కూడా ఆగిపోయింది.

తరువాత ఎక్సర్‌సైజులు నేర్పే జయంతి దగ్గరికి పంపారు. నా ఈడు మనిషే. ఆమె చెప్పిన వింత విను. నొప్పి పుట్టకముందే పని ఆపాలట. ఒళ్ళు బాగున్న మంచి రోజు కూడా ఆగాలట. బాగలేని రోజు పడుకోకుండా ఆ కొంచెమే మళ్ళీ చేయాలట. నాకు నవ్వొచ్చింది.

"మీది యా ఊరమ్మా, కాలువ కింద ఊరా?" అన్నాను. "మాది వాన నేల. నేలలో పదును ఉండే రెండు దినాలే మాకు పని. ఆ తడి ఆరిపోతే ఆ ఏడు పోయినట్లే. అప్పుడు పొద్దు, ఆకలి, నిద్ర ఏమీ చూడం. ఒళ్ళు కూడా అంతే. నొప్పి లేని పూట దొరికితే అదే మాకు పదును. ఉండే పనంతా ఆ పూటకే చేసేస్తాం."

ఆమె నా మొహం చూసి, "చౌడేశ్వరమ్మా, నీ జబ్బు పేరు నువ్వే చెప్పేసినావు" అంది.

ఏం మనుషులో! విత్తనాలు ఒలిచి పెట్టుకున్నాను. వాన కోసం చూస్తున్నాను. నువ్వు ఎట్లా ఉన్నావు, ఏం తింటున్నావు, రాయి.

నీ చెల్లెలు


తాడిపత్రి,
జూన్ నెలాఖరు.

చౌడీకి,

నీ ఉత్తరం మా ఫ్యాక్టరీ గుమాస్తా తెచ్చి ఇచ్చి ఏదో అన్నాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి నేనూ నవ్వాను. ఈమధ్య నా పద్ధతి అదే. ఎదుటివాడు నవ్వితే నవ్వేయడం, చేయి ఊపితే పక్కకు జరగడం. హాయిగా ఉంది. యజమాని తిట్లు కూడా వినపడవు.

నాలుగేళ్ళు నొప్పి భరించి నాకు ఒక్క ముక్క చెప్పలేదా? ముందు ఆ వాతలు పెట్టించుకున్నందుకు నిన్ను కొట్టాలి. రెండోది ఆ డాక్టరమ్మ సంగతి. నొప్పి పోదని చెప్పడానికి అంత చదువు దేనికి? ఆ మాట అక్కమ్మ కూడా చెబుతుంది, బస్సు చార్జీ కూడా మిగులుతుంది.

ఆ జయంతి చెప్పిన దాంట్లో మాత్రం ఒక మాట నాకు నచ్చింది. ఆపమంది కదా, ఆపేయ్. కొంచెం కొంచెం ఎందుకు, మొత్తం ఆపేయ్. మిషన్ వేడెక్కితే కట్టేస్తాం. చల్లబడ్డాక మళ్ళీ తిరుగుతుంది. మనిషి నడుము మిషన్ కన్నా గట్టిదా?

నీ పొలం పక్కన జయచంద్ర వాళ్ళ పొలం ఉంది కదా. బోరు వేసి, నీ మూడెకరాలు కూడా గుత్తకు తీసుకుని చీనీ పండ్ల చెట్లు పెడతానని చాలా రోజుల నుంచి అడుగుతున్నాడు. మంచివాడు, మోసం చేయడు. ఇచ్చేయ్. చీనీ తోట అంటే పదేళ్ళకు, పదిహేనేళ్ళకు నీకు ఆ పొలం బాధ ఉండదు. ఇక్కడికి వచ్చేయ్. మీ వదిన కదిరమ్మ పోయినప్పటి నుంచి లోపలి గది ఊరికే ఉంది. పిల్లాజెల్లా లేనిదానివి, ఎవరి కోసం ఆ ఎండలో మాడడం? మంచం వేస్తాను, పడుకో. నేను వండి పెడతాను. సంగటి బాగా చేస్తాను, నీకు తెలియదు.

బస్సు కండక్టరు చేతికి నొప్పి తైలం ఇచ్చి పంపాను. పామిడి స్టాండులో అడుగు.

ఓబులేష్


కొండకింద కొట్టాల,
జూలై.

అన్నా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టవద్దు.

వాన పడింది. ఎట్లా పడిందనుకున్నావు! పొద్దున లేచేసరికి ఎర్రమట్టి వాసన. కాలు పెడితే నేల మెత్తగా దిగుతోంది. ఊరంతా ఒకటే కేకలు, గొర్రులు, ఎద్దులు, ట్రాక్టర్లు. నా ఒళ్ళు కూడా ఆ రోజు గాలిలాగా ఉంది. నొప్పి లేదంటే లేదు. నేనెట్లా ఆగుతాను చెప్పు? కుళ్లాయప్ప మామ గొర్రు కట్టాడు, వెనకాల నేను విత్తనం వేశాను. పొద్దు పుట్టినప్పటి నుంచి గూకేదాకా. మర్నాడు కూడా అంతే. మూడెకరాలూ అయిపోయాయి. ఆఖరి సాలు వేసేటప్పుడు ఈ జయంతమ్మ చూడాలి నన్ను అనుకున్నాను.

మూడో రోజు లేవలేకపోయాను.

ఏం చెప్పమంటావు. పక్కకు తిరిగితే నడుములో కత్తి పెట్టి తిప్పినట్టు. నీళ్ళ చెంబు చేతికి అందేంత దూరంలోనే ఉంది, అందుకోలేకపోయాను. మోకాళ్ళ మీద పాకుతూ దొడ్డికి పోయాను. పిలిస్తే పలికేవాళ్ళు లేరు. ఎండ కిటికీలో నుంచి వచ్చి ఈ గోడ మీద నుంచి ఆ గోడకు పోయేది చూస్తూ పడుకున్నాను. సూది డాక్టరు ఇచ్చిన మాత్రలు ఉంటే ఒకటికి రెండు, రెండుకు నాలుగు మింగాను. కడుపులో నిప్పు పోసినట్టయింది. విరేచనం నల్లగా పడింది. భయమేసింది.

అక్కమ్మ చల్లకు వచ్చి చూసి, నన్ను ఆటోలో పామిడి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ మాత్రలు అట్లా మింగితే కడుపులో పుండు పడుతుందని, ఇక ముట్టుకోవద్దని చీవాట్లు పెట్టారు. పుండుకు మందు ఇచ్చారు. నడుముకు ఏదో మామూలు మాత్ర ఇచ్చారు.

ఇదంతా ఒక ఎత్తు. ఆటో దిగి ఇంట్లోకి వస్తుంటే, వీధిలో కూర్చున్న వెంకటలక్ష్మమ్మ అంటోంది, నాకు వినపడాలనే అంటోంది: "మొన్న చేన్లో ఎగిరెగిరి విత్తనమేసింది. ఈ పొద్దు చూడమ్మా, మంచం! దీనికి నొప్పి కూడా ఇష్టమొచ్చినప్పుడే వస్తాదేమో!"

అన్నా, ఆ మాటకు నాకు కోపం రాలేదు. అదే భయంగా ఉంది. నిజమేనేమో అనిపించింది. ఆ రెండు రోజులు అంత పని చేసిన మనిషికి ఇప్పుడు ఇంత నొప్పి ఎట్లా ఉంటుంది? నేనే నన్ను నమ్మడం లేదు. ఎవరితో అనుకోవాలి ఈ మాట? గోడతో అనుకుంటున్నాను.

ఇక నాతో కాదు. నువ్వు చెప్పినట్టే చేస్తాను. జయచంద్రకు చెప్పు, ఈ పంట తీశాక పొలం ఇచ్చేస్తాను. నేను తాడిపత్రి వచ్చేస్తాను.

చౌడేశ్వరి


తాడిపత్రి,
జూలై నెలాఖరు.

చౌడమ్మకు,

నీ ఉత్తరం చదివి బాధపడాలో సంతోషపడాలో తెలియలేదు. కడుపు సంగతి చదివి బాధపడ్డాను. చివరి మాట చదివి మళ్ళీ మళ్ళీ చదివాను.

లోపలి గదికి సున్నం వేయించాను. కదిరమ్మ చీరలు మూటకట్టి అటక మీద పెట్టాను. నువ్వు కట్టుకుంటానంటే దింపుతాను. కొత్త నులక తెచ్చి మంచం నేనే అల్లాను, గట్టిగా ఉంటేనే నడుముకు మంచిదని గుమాస్తా కాగితం మీద రాసి చూపించాడు. రెండు కంచాలు, రెండు గ్లాసులు తోమి బోర్లించాను. ఫ్యాక్టరీలో మా కుర్రాళ్ళకు చెప్పాను, మా చెల్లెలు వస్తుంది, ఇక నన్ను ఆదివారం పనికి పిలవొద్దని. వాళ్ళకు చెప్పడం సులువే కదా, నాకు నోరు బాగానే ఉంది.

పామిడి పోయి జయచంద్రను కలిశాను, ఒక్క పూటే సెలవు, నీ ఇంటిదాకా రాలేకపోయాను. శెనక్కాయ పీకగానే పొలం నీదే అని మాట ఇచ్చి వచ్చాను. ఆయన చీనీ మొక్కలకు చెప్పేశాడు.

నువ్వు ఇక మంచం దిగవద్దు. కలుపు పోతే పోనీ. ఈ పంట ఎట్లా వచ్చినా మనకేం. పడుకో. ఎంత పడుకుంటే అంత మంచిది.

నీకు మిరపకాయ బజ్జీ ఇష్టం కదా? ఇక్కడ స్టేషను దగ్గర బాగా వేస్తారు.

ఓబులేష్


కొండకింద కొట్టాల,
ఆగస్టు.

అన్నా,

కోప్పడకుండా చదువు. నువ్వు చెప్పినట్టే పడుకున్నాను. పడుకునే కొద్దీ లేవడం ఇంకా కష్టమైంది. కాళ్ళు నావి కానట్టు అయిపోయాయి. రోజంతా నొప్పి గురించే ఆలోచన. ఇంకేం ఉంటుంది ఆలోచించడానికి? సిగ్గు విడిచి మళ్ళీ అనంతపురం పోయాను.

జయంతమ్మ "నేను ఆ పొద్దే చెప్పలేదా" అంటుందనుకున్నాను. అనలేదు. "యాక్టింగేమో అని నీకే అనిపించిందా?" అని అడిగింది. అవునన్నాను. "చానామందికి అట్లే అనిపిస్తాది. నరాలు అరిచేది నీ చేతిలో లేదు. ఆ రెండు దినాలు నువ్వు వాటిని రెచ్చగొట్టినావు, అంతే. అది కొత్త దెబ్బ కాదు, భయపడద్దు" అంది.

తరువాత ఒక ప్రశ్న వేసింది. "నీకు అస్సలు బాగలేని రోజు, ఎంత కలుపు తియ్యగలవు?" సగం సాలు అన్నాను. "సరే, సగం సాలు తియ్యి, కూర్చో. లేచి నడువు. మళ్ళీ సగం సాలు. బాగుండే దినం కూడా అంతే. ఎంత ఆశ పుట్టినా అంతే. కుదురుకున్నాక కొంచెం పెంచుదువు" అంది. ఊపిరి ఎట్లా తీసి వదలాలో, పడుకునేటప్పుడు మోకాళ్ళ కింద దిండు ఎట్లా పెట్టుకోవాలో చూపించింది. పొద్దున, సాయంత్రం కొంచెం దూరం నడవమంది. ఇంతేనా అన్నాను. ఇంతే, కానీ రోజూ అంది.

ఎంత కష్టమో తెలుసా? పని చేయడం కాదు, ఆపడం. సగం సాలు అయ్యేసరికి చేయి ఇంకా పోతూ ఉంటుంది. ఒళ్ళు బాగానే ఉంటుంది. చుట్టూ అందరూ వంగి పని చేస్తుంటే నేనొక్కదాన్ని గట్టు మీద కూర్చోవాలి. అక్కమ్మ ఒకటే ఎగతాళి. "ఏమ్మే, కలుపు తీసేకి వచ్చినావా, పెండ్లి చూసేకి వచ్చినావా?" అంటుంది. ఆడవాళ్ళంతా నవ్వుతారు. మొదటి రోజు తలొంచుకుని కూర్చున్నాను. ఇప్పుడు, "పెండ్లే, నువ్వే వంటమనిషివి, పో, పని చూడు పో" అంటున్నాను.

మూడెకరాలు సగం సాలు లెక్కన నా ఒక్కదానితో అయ్యే పని కాదు. సిగ్గుపడుతూనే అక్కమ్మను అడిగాను. నాకు కలుపు తీసిపెట్టు, బదులుగా నీ ఇంటి వంట కొన్నాళ్ళు నేను చేస్తాను అని. అది నోరు తెరిచి నన్ను చూసి, "ఇన్నేండ్లకు నోరు తెరిచి ఒకటి అడిగినావు కదమ్మే" అంది. వచ్చింది.

నొప్పి పోయిందనుకోకు. ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా ఉంది. నిన్న చాలా ఎక్కువగా ఉంది. కానీ నిన్న కూడా సగం సాలు తీశాను, నడిచాను, వండుకున్నాను. మంచం పట్టలేదు. నాలుగేళ్ళలో నొప్పి ఎక్కువైన రోజు మంచం పట్టకపోవడం ఇదే మొదలు.

అందుకే అడుగుతున్నాను. పొలం ఇవ్వడం గురించి ఇంకొంచెం ఆగుదాం అన్నా. చీనీ చెట్లు వేస్తే అది ఇక నేను బతికుండగా నా చేతికి రాదు. అక్కడికి వచ్చి మంచం మీద పడుకుంటే నేను నొప్పి మనిషిని మాత్రమే అవుతాను. ఇక్కడ నొప్పితో పాటు ఇంకేదో కూడా అయి ఉన్నాను. సరిగ్గా చెప్పడం రావడం లేదు. నీకు అర్థమవుతుందనుకుంటాను.

నీ చెల్లెలు


తాడిపత్రి,
సెప్టెంబరు.

చౌడేశ్వరికి,

జయచంద్రకు నేను మాట ఇచ్చాను. ఆయన మనుషులను పిలిచి కొలతలు కూడా వేయించుకున్నాడు. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని పామిడి పోవాలి?

రాను అనుకుంటే మొదటే రాను అనాల్సింది. వస్తానని రాసింది నువ్వు. అందరికీ చెప్పుకున్నాను. మా చెల్లెలు ఎప్పుడొస్తుందని ఇక్కడి కుర్రాళ్ళు చేతులు ఊపి అడుగుతున్నారు. ఏం సైగ చేసి చెప్పను?

ఆ రాళ్ళ నేల నీకు అన్న కన్నా ఎక్కువైంది. సరే, కానీయ్. మళ్ళీ పడిపోతావు, చూస్తూ ఉండు. నేను ఇదంతా నీ నొప్పి చూడలేక, నీ కోసమే చేశాను. ఇక నీ ఇష్టం.

ఓబులేష్


కొండకింద కొట్టాల,
అక్టోబరు.

అన్నా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాసి చించాను. ముందు రాసినదాంట్లో అన్నీ తిట్లే ఉన్నాయి.

ఇక్కడ వాన మొహం చాటేసింది. చెట్లు మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తున్నాయి. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయానికి ఒక్క తడి ఉండి ఉంటే బాగుండేది. ఉన్నదేదో వస్తుంది.

నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. నీ కోసమే చేశాను అన్నావు. నా నడుము, నా కడుపు, నా మంచం, నా పొలం అన్నీ రాశావు. నువ్వు ఎట్లా ఉన్నావో ఒక్క ఉత్తరంలో కూడా లేదు. మొదటి ఉత్తరంలోనే అడిగాను, జవాబు ఇవ్వలేదు. హాయిగా ఉంది అని మాత్రం రాశావు. నేను కూడా నాలుగేళ్ళు తగ్గిపోయింది అని చెప్పినదాన్నే. ఆ మాట ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

నొప్పి పోదని చెప్పిన డాక్టరమ్మను నువ్వు వెక్కిరించావు చూడు. రెండోసారి పోయినప్పుడు ఆమె నన్ను ఒక మాట అడిగింది. నొప్పి ఎంత ఉందని కాదు. "అది ఉన్నా సరే, నీకు ఏం చెయ్యాలని ఉండాది?" అని అడిగింది. జవాబు నాకు ఇంటికి వచ్చే బస్సులో తోచింది. నా చేలో నా విత్తనం నేను వేసుకోవాలని ఉంది, అంతే.

నిన్ను కూడా అడుగుతున్నాను. ఎట్లుండావన్నా? నిజం రాయి. నాకోసం ఏం చేస్తావో రాయొద్దు.

చౌడీ


తాడిపత్రి,
అక్టోబరు నెలాఖరు.

చౌడీ,

ఎట్లుండావు అని అడిగినావు. కదిరమ్మ పోయాక ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగారేమో, నాకు వినపడలేదు.

నా చెవులు పోయాయని అందరూ అనుకుంటారు. చెవుడు అంటే చప్పుడు లేకపోవడమని నువ్వు కూడా అనుకుంటున్నావు. కాదమ్మా. మిషన్ ఆపి ఇంటికి వచ్చినా నా చెవిలో మిషన్ ఆగదు. ఒకటే మోత. అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు, ఎప్పుడూ. బయటి చప్పుళ్ళన్నీ పోయి అదొక్కటే మిగిలింది. మూడేళ్ళయింది. ఒకసారి ఫ్యాక్టరీలో చెప్పాను. వాళ్ళు నా చెవి దగ్గర చెవి పెట్టి విన్నట్టు చేసి నవ్వారు. మళ్ళీ చెప్పలేదు. ఎవరికీ వినపడని మోత గురించి ఎవరికని చెప్పాలి? పిచ్చి పట్టిందంటారు.

ముందు కుర్రాళ్ళు నాకు జోకులు మళ్ళీ చెప్పేవాళ్ళు. ఇప్పుడు "ఏం లేదులే అన్నా" అని చేయి ఊపేస్తారు. వాళ్ళను తప్పు పట్టను. ఒకే మాట మూడుసార్లు చెప్పడం ఎవరికైనా విసుగే. హోటల్లో వేలు చూపించి తింటాను. నిన్న రోజు మొత్తంలో నేను మాట్లాడింది ఒక్క మాట, "చాలు". సాంబారు పోసేవాడితో.

నీ నొప్పి సాకు చౌడీ. నీ నడుము మీద ప్రేమ లేదని కాదు, ఉంది. కానీ నువ్వు వస్తానని రాసిన రోజు నేను సంతోషపడింది నీ నడుము కోసం కాదు. ఇంట్లో ఒక మొహం ఉంటుందని. పెదాలు కదిలితే చూస్తూ ఉండొచ్చని. దానికోసం నీ చేను పోతుందని తెలిసి కూడా మాట ఇచ్చి వచ్చాను. నువ్వు మళ్ళీ పడిపోతావు అని రాశాను చూడు, ఆ రోజు మనసులో పడిపోతే బాగుండు అనుకున్నాను. పడిపోతే వస్తావని. ఇంత నీచం ఎవరైనా అనుకుంటారా సొంత చెల్లెలి గురించి?

నీకు నా మొహం చూడాలని లేకపోతే జవాబు రాయవద్దు.

అన్న


కొండకింద కొట్టాల,
నవంబరు.

అన్నా,

జవాబు రాయకుండా ఎట్లా ఉంటాను. శెనక్కాయ పీకే పనుల్లో ఆలస్యమైంది, అంతే.

పడిపోతే బాగుండు అనుకున్నావని చదివి చాలాసేపు ఏడ్చాను. కోపంతో కాదని అబద్ధం రాయను, కోపం కూడా ఉంది. ఒక రోజంతా నీతో మాట్లాడకుండా ఉన్నాను. మాట్లాడకుండా ఉండడమంటే ఏముంది, నువ్వు ఎట్లాగూ ఇక్కడ లేవు. చెట్లు పీకుతూ మనసులో నీతో మాట్లాడడం మానేశాను. రెండో రోజుకు అది నాకే చేతకాలేదు.

పంట అంతంతమాత్రమే. కాయ చిన్నది. అయినా పై ఏటికి విత్తనం మిగిలింది. నా సాళ్ళు నేను ఆగుతూ ఆగుతూ పీకాను, మిగతాది అక్కమ్మ, ఇంకో ఇద్దరు పీకారు. మధ్యలో నొప్పి బాగా ఎక్కువైంది. ఒక పూట చేనికి పోలేదు. మర్నాడు పోయాను. వెంకటలక్ష్మమ్మ ఇంకా ఏదో అంటూనే ఉంది. అననీ.

జయచంద్ర దగ్గరికి నేనే పోయాను. "మా అన్న మాటిచ్చినాడు, నిజమే. చేను నాది సామీ, నేను ఇయ్యలేదు. తప్పు మాది, మన్నించండి" అన్నాను. ఆయన మొహం చిట్లించాడు, కొలతల ఖర్చు గురించి గొణిగాడు. చివరికి, "నడుము బాగలేదంటివే, ఎట్ల చేస్తావమ్మా?" అన్నాడు. "బాగలేని నడుముతోనే సామీ" అని వచ్చేశాను. నీ మాట పోయింది, దానికి నన్ను తిట్టు.

కాబట్టి నేను తాడిపత్రికి వచ్చి ఉండనన్నా. ఈ మాట ఎట్లా తిప్పి రాసినా నీకు గుచ్చుకుంటుందని తెలుసు, అందుకే తిప్పకుండా రాస్తున్నాను. నీ ఇంట్లో ఇంకో మొహం లేదు, నా ఇంట్లోనూ లేదు. నేను వస్తే నీకు మొహం దొరుకుతుంది, నాకు నేను దొరకను. నన్ను క్షమించమని అడగడం లేదు, అర్థం చేసుకోమంటున్నాను. పండగకో పబ్బానికో వస్తాను, ఉంటాను, వెళ్ళిపోతాను. నువ్వూ రా. వచ్చినప్పుడు నీ ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడతాను, ఎన్నిసార్లయినా చెబుతాను, నాకు విసుగు రాదు.

వచ్చే నెల మొదటి సోమవారం అనంతపురం రా. నేను బస్సు దిగి స్టాండులో ఉంటాను. అదే ఆసుపత్రిలో చెవుల డాక్టర్లు కూడా ఉన్నారు. ఆ మోత పోతుందని నేను చెప్పలేను. పోదనే చెబుతారేమో. కానీ దాంతో బతకడానికి ఏదైనా దారి ఉందేమో అడుగుదాం. నాకు తోడుగా ఎవరూ రాలేదు, ఆసుపత్రి బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. నువ్వు అట్లా కూర్చోవద్దు.

ఈలోపల నాకు ఒక ఉత్తరం రాయి. మోత ఎట్లా ఉంటుందో రాయి. ఏ చెవిలో ఎక్కువ, పొద్దున ఎట్లా ఉంటుంది, వాన పడే రోజు ఎట్లా ఉంటుంది, ఎప్పుడు ఏడుపొస్తుంది, అంతా రాయి. ఎవరూ నవ్వరు. నాకు అది ఎప్పటికీ వినపడదు. అయినా నువ్వు రాసిన ప్రతి ముక్కా నేను నమ్ముతాను అన్నా.

నీ చెల్లెలు
చౌడేశ్వరి